మూడు అప్పులు తీర్చాను, ఇప్పుడు రెట్టింపు ఇస్తామంటున్నారు: తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తాను. గ్రూపులో చేరడానికి ముందు నుంచే ఈ పని ఉంది. మైక్రోఫైనాన్స్ సంస్థ నుంచి గ్రూపు ద్వారా వరుసగా మూడు అప్పులు తీసుకుని, ఒక్క వారం వాయిదా కూడా తప్పకుండా తీర్చాను. ఇప్పుడు దాదాపు రెట్టింపు మొత్తం ఇస్తామంటున్నారు. రెండు బడుల నుంచి యూనిఫాంల ఆర్డరు వచ్చేలా ఉంది. ఓవర్‌లాక్ మెషిన్ కొని, ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవాలని నా ఆలోచన. అప్పు వస్తే అందులో సగం తన సరుకు బండి మరమ్మతుకు కావాలని మా ఆయన అడుగుతున్నారు. మూడు అప్పులు వాడుకున్నా వ్యాపారం పెరిగిందా అంటే గట్టిగా చెప్పలేకపోతున్నాను. వద్దంటే తర్వాత అడిగినా ఇవ్వరేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఈ పద్ధతిలో, ఇంత మొత్తం ఇప్పుడు తీసుకోవద్దనే నా సలహా. మీ పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు, మూడు అప్పులు వాయిదా తప్పకుండా తీర్చడం చిన్న సంగతీ కాదు. వాయిదా కట్టాల్సిన తేదీలకూ, యూనిఫాంల పనిలో మీ చేతికి డబ్బు వచ్చే తేదీలకూ పొంతన లేదన్నదే నా అభ్యంతరం. మూడు విడతలు గడిచినా వ్యాపారం పెరిగిందో లేదో మీరు చెప్పలేకపోవడానికి కూడా చాలావరకు అదే కారణమై ఉంటుంది.

ఈ అప్పుల పద్ధతి ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఏర్పడిందో ముందు చూద్దాం. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో అర్థశాస్త్ర ఆచార్యుడు మహమ్మద్ యూనస్ 42 మందికి కలిపి 27 డాలర్ల సొంత డబ్బు అప్పుగా ఇచ్చారు. అలా మొదలైన ప్రయత్నం 1983లో గ్రామీణ్ బ్యాంకుగా స్థిరపడింది, 2006లో ఆయనకూ ఆ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అయిదుగురి గ్రూపు, ఏడాది గడువు, వారం వారం సమాన వాయిదా, అప్పు చేతికి వచ్చిన కొద్ది రోజులకే మొదటి చెల్లింపు అన్న ఏర్పాటు అక్కడ రూపు దిద్దుకుని, చిన్న చిన్న మార్పులతో ప్రపంచమంతా పాకింది. పొద్దున సరుకు తెచ్చి సాయంత్రానికి అమ్ముకునేవారికి ఈ ఏర్పాటు అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే వాళ్లకు రోజూ గల్లా నిండుతుంది, వారానికి ఒకసారి అందులోంచి కొంత తీసి కట్టేస్తారు. అప్పు ఇచ్చినవారికీ ఇది క్షేమం, డబ్బు ఇంటి ఖర్చుల్లో కరిగిపోకముందే కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చేస్తుంది. మీరు ఇప్పటిదాకా చేసిన జాకెట్లు, సర్దుబాట్లు, చిన్న కుట్లు కూడా ఇంచుమించు అలాంటి పనులే. బట్ట వాళ్లది, కూలి అప్పటికప్పుడు మీది. అందుకే మూడు అప్పులూ సాఫీగా తీరాయి.

యూనిఫాంల ఆర్డరు అలా నడవదు. బట్ట, దారం, బొత్తాలు, జిప్పులు మొదటి రోజే నగదు పెట్టి కొనాలి. కొలతలు తీసి, కత్తిరించి, కుట్టి, కాజాలు వేసి, ఇస్త్రీ చేసి అప్పగించేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. బిల్లు ఇచ్చాక బడివారు డబ్బు ఇవ్వడానికి ఇంకో నెల, ఒక్కోసారి ఆపైన. అంతా సవ్యంగా జరిగినా తొమ్మిది వారాల తర్వాతే మొదటి పైసా చేతికి వస్తుందనుకుందాం. అప్పు 100 అని, ఏడాదికి 12 చొప్పున వడ్డీ కలిపి 112ను 50 వారాల్లో కట్టాలని లెక్క వేసుకుంటే, వారానికి 2.24 అవుతుంది. తొమ్మిది వారాలు గడిచేసరికి మీరు 20కి పైగా కట్టేసి ఉంటారు. ఆ సొమ్ము పాత కుట్టుపని నుంచి రావాలి, కానీ మీ చేతులు అప్పుడు యూనిఫాంల మీద ఉంటాయి కాబట్టి పాత పని తగ్గుతుంది. ఇంటి ఖర్చులోంచైనా తీయాలి, లేదంటే అప్పు తెచ్చిన డబ్బులోంచే తిరిగి కట్టాలి. చాలామంది చేసేది ఈ చివరిదే. అంటే వంద మీద వడ్డీ కడుతూ ఆర్డరులో పెట్టేది ఎనభయ్యే. మీ గత మూడు అప్పుల్లోనూ వాయిదాల కోసం ఎంత డబ్బు పక్కన పెట్టి ఉంచారో గుర్తు చేసుకోండి, ఈ లెక్క మీకే బోధపడుతుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. కోల్‌కతాలో ఆర్థికవేత్తలు ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే, వారి సహచరులు ఒక మైక్రోఫైనాన్స్ సంస్థతో కలిసి, కొన్ని గ్రూపులకు మామూలుగా అప్పు ఇచ్చిన రెండు వారాలకే వాయిదాలు మొదలుపెట్టి, మరికొన్ని గ్రూపులకు రెండు నెలలు ఆగి మొదలుపెట్టారు. వడ్డీ, మొత్తం, మనుషుల తీరు అంతా ఒకటే, తేడా ఆ విరామంలోనే ఉంది. రెండు నెలల గడువు దొరికిన మహిళలు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, దాదాపు మూడేళ్ల తర్వాత చూసినా వాళ్ల లాభం ఎక్కువగానే ఉంది. అయితే 2013లో వచ్చిన ఆ ఫలితాల్లోనే ఇంకో సంగతి కూడా ఉంది: గడువు దొరికినవారిలో అప్పు కట్టలేకపోయినవారు కూడా ఎక్కువే. తీరిక ఉంటే మనిషి కొంచెం సాహసం చేస్తాడు, సాహసం కొందరికి కలిసివస్తుంది, కొందరిని ముంచుతుంది. సంస్థలు అప్పు ఇచ్చిన కొద్ది రోజులకే వాయిదా వసూలు చేయడానికి వెనక ఉన్న భయం ఇదే, దాన్ని తప్పుపట్టలేం. కానీ వాళ్ల భయానికి తగిన అప్పు మీ ఆర్డరుకు తగిన అప్పు కావాలని లేదు కదా.

వడ్డీ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఏడాదికి 12 శాతమే అని ఎవరైనా అంటే, అది మొదట ఇచ్చిన మొత్తం మీద లెక్కించిందా, తగ్గుతూ వచ్చే బాకీ మీద లెక్కించిందా అని అడగండి. మొదటి పద్ధతిలో 100 తీసుకుని పన్నెండు నెలవారీ వాయిదాల్లో 112 కడితే, అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి మీరు నిజంగా కట్టే వడ్డీ ఏడాదికి సుమారు 21.5 శాతం. వారం వాయిదాలైతే ఇంకొంచెం ఎక్కువ. ముందే పట్టుకునే రుసుము, బీమా, తప్పనిసరి పొదుపు ఏమైనా ఉంటే అవి దీనికి అదనం.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. వ్యాపారం పెరిగిందో లేదో తెలియకపోవడం మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన విషయం. ఇంట్లో ఉండి పని చేసుకునే మహిళల్లో చాలామందికి ఇదే ఇబ్బంది, కారణం కూడా ఒకటే: తమ కష్టానికి తామే కూలి రాసుకోరు. ఒక జత యూనిఫాంకు బడివారు ఇచ్చే ధరలోంచి బట్ట, దారం, కరెంటు, వాయిదా తీసేస్తే కొంత మిగులుతుంది, దాన్ని లాభం అనుకుంటాం. కానీ ఆ జతకు మీరు పెట్టిన గంటలకు బయట ఒక కుట్టుమనిషికి ఇచ్చే కూలి లెక్కన వెల కడితే, మిగిలింది ఆ కూలికే సరిపోకపోవచ్చు. అప్పుడు మీ వ్యాపారం నిలబడింది మీరు ఉచితంగా ఇచ్చిన శ్రమ మీద. రేపు ఇద్దరు మనుషుల్ని పెట్టుకుంటే వాళ్లు ఉచితంగా కుట్టరు. ఒక్కరే చేస్తున్నప్పుడు లాభంగా కనిపించిన ధర, మనుషుల్ని పెట్టిన మొదటి నెలలోనే నష్టంగా మారుతుంది, దాన్ని పూడ్చడానికి అప్పు డబ్బే దొరుకుతుంది. కాబట్టి బడివారితో ధర మాట్లాడే ముందే ఒక జతను మొదటి నుంచి చివరిదాకా మీరే కుట్టి, ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకుని, ఆ సమయానికి పూర్తి కూలి వేసి, ఆపైన లాభం కలిపి ధర చెప్పండి. ఆ ధరకు వాళ్లు ఒప్పుకోకపోతే ఆర్డరు వదులుకోవడమే మేలు, అప్పు చేసి మరీ చేయదగ్గ పని అది కాదు.

ఈ లెక్కలకు పెద్ద చదువు అక్కర్లేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ ఖాతాదారుల్లో కొందరికి పద్ధతిగా అకౌంటింగ్ పాఠాలు చెప్పారు, మరికొందరికి నాలుగు మోటు సూత్రాలు మాత్రం నేర్పారు. ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ వేరుగా ఉంచాలి, యజమాని తనకంటూ ఒక జీతం నిర్ణయించుకుని అంతకు మించి గల్లాలోంచి తీయకూడదు వంటివి అవి. లెక్కలు రాసే అలవాటులో నికరమైన మార్పు ఆ మోటు సూత్రాలు నేర్చుకున్నవారిలోనే కనిపించింది. మీరూ రెండు డబ్బాలు పెట్టుకోండి. కుట్టుపని మీద వచ్చేదంతా ఒక దాంట్లో పడాలి, వారానికి ఒక రోజు మీ జీతం మాత్రం తీసి ఇంటి డబ్బాలో వేయాలి. మూడు నెలలు ఇలా చేస్తే, వాయిదాలు కట్టాక కూడా వ్యాపారం డబ్బా బరువెక్కుతోందో లేదో ఎవరినీ అడగనక్కర లేకుండా తెలుస్తుంది.

మీ ఆయన కోరిక గురించి రాయడానికి కొంచెం సంకోచించాను, అది మీ ఇంటి సంగతి. కానీ మీరే అడిగారు, పైగా అప్పు మీ పేరు మీద ఉంటుంది. శ్రీలంకలో చిన్న వ్యాపారులకు ఉచితంగా పెట్టుబడి ఇచ్చి చూసినప్పుడు మగవారి లాభాలు బాగా పెరిగి, ఆడవారి లాభాలు సగటున పెరగకపోవడంతో, ఆడవారికి వ్యాపార దక్షత తక్కువని కొందరు తేల్చేశారు. ఆ తర్వాత భారత్, శ్రీలంక, ఘనాలలో సేకరించిన వివరాలను మళ్లీ తరచి చూస్తే వేరే సంగతి బయటపడింది. ఇంట్లో తనది ఒక్కటే వ్యాపారమైన మహిళకు పెట్టుబడి మీద రాబడి మగవారికి తీసిపోలేదు. భర్తకు కూడా వ్యాపారం ఉన్న ఇళ్లలో, ఆమె పేరున వచ్చిన డబ్బు అతని వ్యాపారంలోకి వెళ్లింది. ఇల్లు మొత్తంగా చూస్తే ఆ డబ్బు వృథా కాలేదు, ఆదాయం తెచ్చింది. అందుకని ఆయన అడగడమే తప్పు అని నేను అనను. బండి ఆగిపోతే ఇంటికి వచ్చే రాబడి ఆగుతుంది, అది మీ ఇద్దరికీ నష్టమే.

అయినా ఆ ఏర్పాటులో మీ కుట్టుపని మాత్రం ఎదగదు, వాయిదా మాత్రం పూర్తిగా మీదే. సగం డబ్బుతో నడిచే పని మొత్తం అప్పు వాయిదాను మోయాలి. కాబట్టి బండి మరమ్మతుకు ఎంత కావాలో మెకానిక్ చేత కాగితం మీద రాయించి, ఆ మొత్తానికి ఆయన తన పేరు మీద, తన సంపాదన ఎలా వస్తుందో దానికి తగిన వాయిదాలతో వేరే అప్పు తెచ్చుకోవడం మంచిది. అది కుదరక మీ అప్పులోంచే ఇవ్వాల్సి వస్తే, ఇచ్చిన తేదీ, మొత్తం మీ వ్యాపారం పుస్తకంలో రాసి, ఆ భాగం వాయిదా ప్రతి వారం ఆయన సంపాదన నుంచి మీ డబ్బాలోకి రావాలని ఇద్దరూ ముందే అనుకోండి. డబ్బు చేతికి వచ్చాక ఈ మాట ఎత్తడం కష్టం, ఇప్పుడైతే ఇది ఒక లెక్క మాట్లాడుకోవడమే. ఇంకొకటి, అప్పు నగదుగా తీసుకోకుండా మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలో వేయించుకోండి. ఉగాండాలో అప్పును నగదుగా కాక మహిళ సొంత మొబైల్ ఖాతాలో వేసి చూస్తే, ఎనిమిది నెలల తర్వాత వాళ్ల వ్యాపార లాభం 15 శాతం ఎక్కువగా ఉంది. పదిమంది కంటా పడేలా ఇంట్లో ఉన్న నగదును అడిగినంత తేలిగ్గా ఖాతాలో ఉన్న డబ్బును ఎవరూ అడగరు.

మీకు ధైర్యం కలిగించే విషయం కూడా ఉంది. 2015లో బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకో దేశాలలో జరిగిన ఆరు అధ్యయనాలు ఒకేసారి వెలువడ్డాయి. మైక్రోఫైనాన్స్ వల్ల పేద కుటుంబాల బతుకులు సగటున మారిపోయిన దాఖలా వాటిలో ఎక్కడా లేదు. ఆ రోజుల్లో ఈ అప్పుల గురించి జరిగిన ప్రచారం చూస్తే అది చాలామందికి మింగుడుపడని ఫలితం. అయితే ఆ ఆరింటిలో భారత్ అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం హైదరాబాద్‌లో అవే కుటుంబాలను తర్వాత కూడా గమనించింది. అప్పు అందుబాటులోకి రాకముందే సొంతంగా వ్యాపారం మొదలుపెట్టినవారికి మేలు నిలకడగా కనిపించింది, 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన మైక్రోఫైనాన్స్ సంక్షోభంతో అక్కడ ఈ అప్పులు ఆగిపోయాక కూడా అది తరిగిపోలేదు. అప్పు దొరుకుతోంది కదా అని కొత్తగా పని మొదలుపెట్టినవారికి అంత ఫలితం లేదు. మీరు గ్రూపులో చేరకముందే కుట్టుపనిలో ఉన్నారు. మీలాంటివారికి సరైన పెట్టుబడి కలిసివచ్చే అవకాశం ఎక్కువని దీనివల్ల అనుకోవచ్చు. అందుకే మిమ్మల్ని అప్పే వద్దని అనడం లేదు, సరిపడని అప్పు వద్దంటున్నాను.

మెషిన్ విషయానికి వస్తే, ఓవర్‌లాక్ మెషిన్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది, దాని ఖరీదు మాత్రం వారం వారం కట్టి ఏడాదిలో తీర్చడం అంటే మొదటి ఏడాది మీ మీద అనవసరపు బరువు పెట్టుకోవడం. యూనిఫాంల పని ఏడాది పొడవునా ఉండదు కూడా, బడులు తెరిచే ముందు ఊపిరాడదు, తర్వాత నెలల తరబడి మెషిన్ గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. మొదటి సీజనుకు అంచులు కుట్టే పని వరకూ మెషిన్ ఉన్నవారి దగ్గర జతకు ఇంత అని ఇచ్చి చేయించుకోండి. ఆ కూలి మొత్తం ఎంత అయిందో పుస్తకంలో ఉంటుంది కాబట్టి, మెషిన్ కొంటే ఎన్ని సీజన్లలో దాని ఖరీదు రాబట్టవచ్చో అప్పుడు కచ్చితంగా తేలుతుంది. రెండు సీజన్లలో వచ్చేటట్టుంటే, ఆ మెషిన్‌నే తాకట్టుగా చూపి, రెండు మూడేళ్ల గడువుతో నెలవారీ వాయిదాల మీద అప్పు ఇచ్చే బ్యాంకునో సంస్థనో అడగండి. పాకిస్తాన్‌లో మైక్రోఫైనాన్స్ అప్పులు తీర్చిన అనుభవం ఉన్నవారికి, పాత పరిమితికి నాలుగు రెట్ల విలువైన యంత్రాలో సామగ్రో కొనుక్కునే వీలు ఇలాంటి ఒప్పందాలతో కల్పిస్తే, వాళ్ల వ్యాపారాలూ ఇంటి ఖర్చు స్థాయీ రెండూ పెరిగాయి.

బట్ట కోసం కూడా మొత్తం మీరే పెట్టాల్సిన పని లేదు. బడివారే బట్ట కొనిచ్చి మీకు కుట్టుకూలి మాత్రం ఇచ్చే ఏర్పాటు అడగండి. లాభం కొంత తగ్గుతుంది, పెట్టుబడి దాదాపు అక్కర్లేదు. అది కుదరకపోతే సగం బయానా అడగండి, లేదా సరుకును మూడు విడతలుగా అప్పగించి ఏ విడత డబ్బు ఆ విడతకు తీసుకునేలా రాయించుకోండి. మొదటి విడత డబ్బుతో రెండో విడత బట్ట వస్తుంది, మీకు కావలసిన అప్పు మూడో వంతుకు దిగుతుంది. అరువు బట్ట ఇచ్చే వ్యాపారి ఉన్నా, అరువు ధర నగదు ధర కన్నా ఎంత ఎక్కువో చూసి, దాన్ని కూడా వడ్డీగానే లెక్క వేసుకోండి.

చివరగా, వద్దంటే మళ్లీ ఇవ్వరేమోనన్న మీ భయం. విడత విడతకూ అప్పు పెంచుకుంటూ పోవడం సంస్థ వ్యాపారం పెరిగే మార్గం, వచ్చే ఉద్యోగికి లక్ష్యాలు కూడా ఉంటాయి, అందుకని కాస్త ఒత్తిడి చేస్తారు. మూడు అప్పులు ఒక్క వాయిదా తప్పకుండా తీర్చిన ఖాతాదారును పోగొట్టుకోవాలని మాత్రం ఏ సంస్థా కోరుకోదు. పోయినసారి తీసుకున్నంతే చాలని చెప్పండి, తీరిన మూడు అప్పులకూ బాకీ లేదని రాసిన పత్రాలు అడిగి తీసుకుని దాచుకోండి, రేపు మెషిన్ అప్పుకు వెళ్లినప్పుడు మీ పరపతికి అవే సాక్ష్యం. గ్రూపులో మిగతావాళ్లు రెట్టింపు తీసుకుంటున్నారా అన్నది కూడా కనుక్కోండి, ఎందుకంటే ఒకరికొకరు హామీ ఉన్నచోట వాళ్ల అప్పు పెరిగితే మీరు తీసుకోకపోయినా మీ బాధ్యత పెరుగుతుంది. వ్యక్తిగత అప్పు ఇచ్చే వీలుందా అని అడగడంలో తప్పు లేదు, ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు గ్రూపు హామీ తీసేసి చూసినా ఎగవేతలు పెరగలేదు.

అధికారి వచ్చినప్పుడు ఎంత ఇస్తారన్న మాట పక్కన పెట్టి, మొదటి వాయిదా ఎప్పుడు, వాయిదాలు నెలకు మార్చవచ్చా, ముందే తీర్చేస్తే రుసుము ఉందా అని అడగండి. మొదటి వాయిదాను బడి డబ్బు చేతికి వచ్చే నెలకు జరపడానికి ఒప్పుకుంటే, ఆర్డరుకు నిజంగా తక్కువ పడేంత మొత్తం తీసుకోండి. ఒప్పుకోకపోతే పాత మొత్తం తీసుకుని ఎప్పటి కుట్టుపని నడుపుకుంటూ, ఈసారికి బడివారి బట్టతో కూలిపని చేసి పెట్టండి.